ఎడమ భుజం మీద ఎరుపు

నేను ఒక గోదావరి చిత్రాన్ని. ధవళేశ్వరం రేవులో, ఒక్క ఉదయంలో పుట్టాను. వెలుగు మారిపోతుందేమోనని నన్ను వేసిన డ్రాయింగు మాస్టారు కాలుగాలిన పిల్లిలా గుడ్డ ముందు తిరిగారు. నీళ్ళకు ఎన్నో నీలాలు వాడారు. ఇసుక పడవకు ఒక గోధుమరంగు గీత. గెడకర్రతో పడవ నెట్టే మనిషికి రెండు గీతలు, ఒక ఎర్ర చుక్క. అంతే, మనిషి తయారైపోయాడు! ఎలా అయ్యాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

తరువాత ఒక ప్లీడరుగారి హాల్లో, సోఫా రంగుకు సరిపోయానని పదేళ్ళు వేలాడాను. సోఫా మారింది. నన్ను మ్యూజియానికి దానమిచ్చి ఆయన పేపర్లో ఫోటో వేయించుకున్నారు.

మ్యూజియంలో చూసినవాళ్ళంతా "ఆహా, ఎంత ప్రశాంతత!" అనేవారు. గెడ నెట్టేవాణ్ణి ఎవరూ అడగలేదు. గది ఊడ్చే లోవరత్నం మాత్రం ఏమీ అనేది కాదు. రోజూ చీపురు పక్కనపెట్టి కాసేపు నా ముందు నిలబడేది.

ఒకరోజు కొత్తగా వచ్చిన అధికారి నా ఎర్ర చుక్కను చూసి మండిపడ్డాడు. ఎవడో కిళ్ళీ ఊశాడనుకున్నాడు. మన గోడల మూలలు చూసినవాడు అలా అనుకోవడంలో తప్పులేదు. స్పిరిట్‌లో దూది ముంచి నా మీదికి చెయ్యి చాచాడు. నా ప్రాణం పోయినంత పనయింది.

"ఆగండి బాబుగారూ! మరక కాదండీ అది. మా ఇంటాయన తువ్వాలండి!" అంటూ లోవరత్నం అడ్డం వచ్చింది.

"ముఖమే లేదు కదమ్మా, మీ ఆయనేనని ఎలా తెలుసు?"

"ముఖమెందుకండీ? గెడ ఒరుసుకోకుండా అందరూ తువ్వాలు మడిచి కుడి భుజం మీద ఏసుకుంటారండి. ఈయనది ఎడం చేతివాటం. రేవు మొత్తానికి ఎడం భుజం మీద ఏసుకునేది ఈయనొక్కడేనండి. గోదాట్లో పోయాడు బాబూ. ఒక్క ఫోటో లేదు. నాకున్నది ఈ చుక్కేనండి."

దూది ఆగిపోయింది. అధికారి కళ్ళజోడు సర్దుకుని ఆ చుక్కనే చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళూ నీళ్ళను మోస్తున్నాననుకున్నాను. ఒక మనిషి భుజాన్ని మోస్తున్నానని నాకూ అప్పుడే తెలిసింది.

"పేరు చెప్పమ్మా. కింద కార్డు మీద రాయిస్తాను" అన్నాడు అధికారి.

లోవరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేషన్ కార్డు రాసేటప్పుడు కూడా మొగుడి పేరు పక్కింటామె చేత చెప్పించిన మనిషట ఆమె. కాసేపటికి కొంగు తీసింది.

"తాతబ్బాయి" అంది.

అధికారికి చెప్పలేదు. నా వైపు తిరిగి, పడవ మీది మనిషికి వినబడేలా పిలిచింది.