గోదారి మీద నా గోల

నేను ఒక సైలెన్సర్‌ని. పేరు చూసి మోసపోకండి. నా ఉద్యోగకాలమంతా నేను చేసింది గోలే.

నీళ్ళ మీద కాళ్ళకు చెక్కలు తొడుక్కుని, తాడు పట్టుకుని నిలబడ్డ మనిషిని లాక్కుపోయే స్కీ పడవ ఒకటుంటుంది. దాని ఇంజను వెనకాల వేలాడదు, పడవ నడిమధ్యన పెట్టెలో కూర్చుంటుంది. ఆ ఇంజను వదిలిన పొగా, దాన్ని చల్లబరచిన నీళ్ళూ కలిసి నా గొంతులోంచే వెనక్కి వచ్చి పడతాయి. ఎక్కడో చలిదేశపు కర్మాగారంలో నన్ను స్టీలు రేకుతో చుట్టి, కడుపులో చిల్లుల పలకలు అమర్చారు. శబ్దం వాటికి తగిలి తగిలి నీరసపడి, పెద్దమనిషిలా బయటికి రావాలని వాళ్ళ ఉద్దేశం. అలాగే వచ్చేది కూడా.

నన్ను మొదట కొన్న గోవా హోటలు ఆసామికి అది నచ్చలేదు. ఇంత పోసి కొన్న పడవ పిల్లిలా పోతే జనం తలలెలా తిప్పుతారని, పలకలన్నీ కోయించి పారేశాడు. ఆ రోజు నుంచి నేతిబీరకాయలో నెయ్యి ఎంతో నాలో నిశ్శబ్దం అంత. రెండు సీజన్లు తిరగకుండానే ఆయనకు నా గోల మొహం మొత్తింది. కోరి తెచ్చుకున్న గోలకే మనుషులకు ముందుగా తలనొప్పి వస్తుంది. పడవతో పాటు నన్నూ అమ్మేశాడు.

అలా గోదావరి ఒడ్డున, కొబ్బరితోటలో రిసార్టు కట్టుకున్న వర్మగారి దగ్గరికి చేరాను. పడవ నడపడానికి ఆయన ఎదురులంకలోని భైరవస్వామిని సరంగుగా పెట్టుకున్నారు. పెళ్ళాం పోయిన మనిషి, పిల్లల్లేరు. రేవు పక్కన షెడ్డులోనే కాపురం. సాయంత్రం అతిథులు వెళ్ళిపోయాక పాత లుంగీ ముక్కతో నా మూతి తుడుస్తూ నాతో మాట్లాడేవాడు. మాట్లాడటానికి అతనికి వేరే ఎవరూ లేరు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు.

అతని కథ నాకు అలా తెలిసింది. అతనికి పోతురాజు అని ఒక అన్న. ఇద్దరూ ఒకే నావలో వేటకు వెళ్ళేవారు. ఒకడు తెడ్డు వేస్తే ఒకడు వల వదిలేవాడు. తమ్ముడు జీతానికి కుదరడంతో ఇద్దరు చేసే పని పోతురాజు ఒక్కడి మీద పడింది. అది మింగుడుపడక ముందే ఒకరోజు మా పడవ వెళ్ళి అతని వల మీద పడి, బెండ్లతో సహా చీల్చేసింది. క్షమించమని అడగడానికి వెళ్ళిన తమ్ముణ్ణి పోతురాజు గుమ్మంలోనే ఆపాడట.

"ఇకమీదట నన్ను అన్నియ్యా అని పిలిచావంటే నన్ను చంపుకుతిన్నట్టే!" అన్నాడట.

భైరవస్వామి మరి పిలవలేదు. ఒట్టు ఒట్టే.

అయినా రోజూ పొద్దున్న మా పడవ ఎదురులంక మలుపు తిరిగేసరికి ఒక తంతు జరిగేది. నా గోల వినగానే పోతురాజు నావలో లేచి నిలబడి, గోల వచ్చిన వైపుకు మొహం తిప్పి, తెడ్డు ఎత్తి తిట్ల దండకం అందుకునేవాడు. ఏం తిట్టేవాడో భైరవస్వామికి ఒక్క ముక్క వినబడేది కాదు. నేను వినబడనిస్తేగా! నోరు ఆడటం మాత్రం కనబడేది. అలలకు అన్న నావ ఊగకుండా వేగం తగ్గించి, దూరంగా దాటించేవాడు.

"అంత కోపంగా తిడతన్నాడంటే ఒంట్లో బాగున్నట్టే," అనేవాడు సాయంత్రం నా మూతి తుడుస్తూ. ఆ రోజుకు అతనికి అది చాలు. నేను కూడా ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయేవాణ్ణి.

ఇంతలో నాకు కాలం చెల్లింది. పడవ వెళ్తుంటే దాని వెనక గాలి సుడి తిరుగుతుంది. నేను వదిలిన పొగను అదే మళ్ళీ పడవలోకి లాగేది. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు తల పట్టుకునేవారు. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ వాంతి చేసుకుని కళ్ళు తిరిగి పడిపోయింది. వర్మగారు హడలిపోయి కాకినాడ నుంచి ఏసురత్నం అనే మెకానిక్‌ను పిలిపించారు.

"ఇది తీసేసి కిందికి వంగే గొట్టం బిగిద్దామండి," అన్నాడు ఏసురత్నం. "పొగంతా నీళ్ళలోకి దిగిపోయి ఎక్కడో వెనకాల తేలుద్ది. ఒక్క పిసరు కూడా పడవలోకి రాదండి. శబ్దం కూడా నీళ్ళలోనే మునిగిపోద్ది."

"శబ్దం మొత్తం పోద్దా?" అన్నాడు భైరవస్వామి.

"ఆయ్, మొత్తం. గట్టు మీదున్నోడికి పడవ పోయినట్టే తెలీదు."

"కాస్తన్నా ఉంచడానికి కుదరదాండీ?"

వర్మగారు పడీపడీ నవ్వారు. "నిశ్శబ్దం కావాలని ఏడ్చేవాళ్ళను చూశాను గానీ, గోల కోసం ఏడ్చేవాణ్ణి నిన్నే చూశానయ్యా!"

ఆ పొగ మంచిది కాదని నాకూ తెలుసు. అయినా స్పానర్ పడుతుంటే కష్టంగానే అనిపించింది. నన్ను ఊడదీసి షెడ్డులో, ఒలిచి పడేసిన కొబ్బరిడొక్కల పక్కన పడేశారు. నేను లేని పడవ నా ఎదురుగానే రేవు వదిలి వెళ్ళింది. వెళ్ళినట్టు నాకే తెలియలేదు. ఇన్నాళ్ళూ నా వల్లే అది పడవ అనుకున్నాను, ఎంత వెర్రివాణ్ణో!

అయితే భైరవస్వామి సాయంత్రాలు మానలేదు. పని లేకపోయినా వచ్చి నా మూతి తుడిచేవాడు.

"ఇయ్యాల కూడా తలెత్తి చూళ్ళేదు," అనేవాడు. "ఎదర నుంచే పోయాను. వల లాక్కుంటా కూచున్నాడు. ఇన్నాళ్ళూ తిట్టన్నా తిట్టేవోడు. ఇప్పుడు దానిక్కూడా పనికిరాకుండా పోయాను."

రోజులు గడిచేకొద్దీ అతనికి మాటలు తగ్గాయి. వచ్చేవాడు, తుడిచేవాడు, నా పక్కనే డొక్కల మీద కూర్చుండిపోయేవాడు. ఇద్దరం మూగవాళ్ళం. ఒంటరితనం ఇద్దరు పంచుకుంటే సగమవుతుందంటారు. అది ఎవరన్నారో గానీ అబద్ధం.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం రేవులో నావ తగిలిన చప్పుడు వినబడింది. ఎవరో ముసలిగొంతు రిసార్టు వంటాయన్ని అడుగుతోంది.

"ఏవండీ, ఇక్కడ పడవ తోలే భైరవస్వామని ఒకడుండేవోడు..."



"ఉండేవాడేంటి, ఉన్నాడుగా ఆ షెడ్డులో!"

పోతురాజు గోడ తడుముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. కళ్ళ నిండా తెల్లటి పొరలు. భైరవస్వామి చటుక్కున లేచాడు. నోరు తెరిచాడు, మూశాడు.

"అలికిడైంది. ఉన్నావా?" అన్నాడు పోతురాజు. "నువ్వేనా?"

భైరవస్వామి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

"మాట్టాడవేంట్రా? నోరు పడిపోయిందా? కళ్ళకు పొరలు కమ్మేసి నాకేవీ కనబడి చావట్లేదు. గోదారికైతే కళ్ళెందుకు, చేతులకే దారి తెలుసు. నీకు మాత్రం ఆ పడవ గోలే ఆనవాలు. అది ఆగిపోయింది. ఏవైపోయావని ఎవర్నడగను? ఏ మొహం పెట్టుకుని అడగను? అన్నం సయించట్లేదురా!"

భైరవస్వామి ఏడుస్తున్నాడు. "ఏవని పిలవను?" అన్నాడు చివరికి. "పిలిస్తే చంపుకుతిన్నట్టే అన్నావుగా."

గొంతు వచ్చిన వైపుకు పోతురాజు రెండడుగులు వేశాడు. తర్వాత చిన్నపిల్లలు అనే మాట అన్నాడు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టానురా. పిలు."

"అన్నియ్యా," అన్నాడు భైరవస్వామి.

గట్టిగా కూడా అనలేదు. నా గోలలో నూరో వంతు ఉండదు. ఇన్నేళ్ళు గోదారి దద్దరిల్లేలా అరిచి నేను చేయలేని పని ఆ ఒక్క పిలుపు చేసింది. నేను నోరు మూసుకుంటే గానీ వాళ్ళిద్దరూ నోరు తెరవలేదు. అది తెలిసి సంతోషించాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వెళ్ళేటప్పుడు పోతురాజు కాలికి నేను తగిలాను. వంగి తడిమి చూశాడు. "ఇదేనా ఆ రాక్షసి? నాకియ్యరా. ఇన్నేళ్ళు తిట్టాను, పారేస్తే పాపం."

నా గొంతు నిండా గులకరాళ్ళు కుక్కి, సిమెంటు పోసి, మెడకు తాడు కట్టాడు. ఇప్పుడు నేను అతని నావకు లంగరుని. పొద్దున్నే గోదారి అడుక్కి దిగుతాను. ఎండ ముదిరాక పైకి వస్తాను. మధ్యలో బురదా, చీకటీ, నేనూ.

మలుపు తిరగ్గానే దూరం నుంచే భైరవస్వామి "అన్నియ్యోయ్!" అని కేకేస్తాడట. కళ్ళు కనబడని అన్న మీదికి వినబడని పడవ వెళ్ళకుండా ఉండాలిగా. పోతురాజు తెడ్డు ఎత్తుతాడట. ఇవన్నీ నావలోకి లాగినప్పుడు విన్న ముచ్చట్లే. ఆ కేక అడుగుదాకా రాదు. చేపలు మునుపటంత పడటం లేదని కూడా పోతురాజు వాపోతుంటాడు. ఎందుకో నాకు తెలుసు.

గోల ఎక్కడికీ పోలేదు. ఏసురత్నం చెప్పినట్టే నీళ్ళలోకి దిగింది. పైన ఎవరికీ వినబడని ఆ కొత్త గొట్టం గుడగుడ ఇక్కడ చేపలకు వినబడుతుంది, నాకు వినబడుతుంది. రోజూ దానికోసమే చెవి పెట్టుకుని పడి ఉంటాను. నా మూతి తుడిచిన మనిషి నా తల మీదుగా వెళ్తున్నాడని అదొక్కటే ఆనవాలు. ఆ చప్పుడు దగ్గరయ్యేసరికి నాకూ లేచి నిలబడి, గొంతు చించుకుని తిట్టాలనిపిస్తుంది. నోటి నిండా రాళ్ళు.