లెక్కల సారు మీద తకరారు

జయాబాయి స్టాఫ్ రూము తలుపు తీసేసరికి ప్రహ్లాద్ సారు అల్మరా బార్లా తెరిచి ఉంది. లోపల లెక్కల పుస్తకాల సంగతి అటుంచి, సుద్దముక్క కూడా లేదు.

ఆ బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. పదో తరగతి బోర్డు పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. వెంటనే సారుకు ఫోను చేసింది. అవతల బస్సు హోరు, దాని మధ్యలో సారు గొంతు.

"మస్కి ఊరికి పోయే బస్సుల ఉన్న మేడమ్. నిన్న ఆఫీసుకు పిలిచి చేతిల బదిలీ ఆర్డర్ పెట్టిన్రు. ఇయ్యాలనే పోయి చేరాల్నంట. పొద్దుగాల వచ్చి సామాన్ తీసుకున్న. మిమ్మల్ని చూస్తే ఏడుపొస్తదని ఆగలేదు."

"ఎందుకు పంపిన్రు?"

"పిల్లను కొట్టిన్నని తకరారు, ఫిర్యాదొచ్చిందంట. ఏ పిల్లను అని అడిగితే, నోర్మూసుకొని పో అన్నరు."

ఆమె ఫోను పెట్టేసింది.

ఆ బడి రాయచూరు నుంచి శక్తినగర్ పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. బొగ్గు కరెంటు ప్లాంటు వచ్చినప్పటి నుంచి బెంచీల మీద పొద్దున్నే బూడిద తుడుచుకోవాలి. ప్రహ్లాద్ రాకముందు అక్కడ లెక్కల టీచరు పేరుకే ఉండేవాడు. జీతం బడిలో, కొలువు ఎమ్మెల్యే బసవలింగప్ప ఇంట్లో. వచ్చిన ఫోన్లెత్తడం, ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిప్పించడం ఆయన పని. ఆ ఏళ్లలో పదో తరగతి సగానికి సగం లెక్కల్లో బోల్తా కొట్టేది. ఫలితాలు రాగానే అదే బసవలింగప్ప మైకు పట్టుకుని, "సర్కారీ మాస్టర్లకు తిని పడుకోవడం తప్ప ఏమీ రాదు" అని ఊరూరా తిట్టేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. కన్నడవాళ్లూ తెలుగువాళ్లూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు. దొర అన్నట్టు "ధణీ" అంటారు.

ప్రహ్లాద్ వచ్చాక బడి గాడిన పడింది. ఈసారి సుప్రియ అనే పిల్లకు లెక్కల్లో నూటికి నూరు రావచ్చని, రాయచూరులో డిప్లొమా సీటు ఖాయమని ఆయన లెక్కేసుకున్నాడు.

పోయిన నెల ధణి పుట్టినరోజు. పిల్లల్ని యూనిఫారాలతో రోడ్డు పొడవునా నిలబెట్టి పువ్వులు చల్లించమని కబురొచ్చింది. అన్ని తరగతులూ ఎండలో నిలబడ్డాయి, పదో తరగతి తప్ప. ప్రహ్లాద్ తలుపులేసుకుని పరీక్ష పెట్టాడు. "పువ్వులు చల్లితే త్రికోణమితి వస్తదా మేడమ్?" అన్నాడు. జయాబాయి నవ్వి ఊరుకుంది. ఈ బదిలీ దానికి శిక్షేనని ఇప్పుడు తోచింది.

అభిమానం చంపుకుని ధణి ఇంటికి వెళ్లింది. వసారా నిండా జనం. ఆయన ఎదురొచ్చినంత పని చేశాడు.

"బన్నీ బన్నీ, లోపలికి రార్రి టీచరమ్మా! చాయ్ తాగుతరా?"

"చాయ్ వద్దు ధణీ. మా సారును తిరిగి పంపండి. పిల్లలు నాశనమైతరు."

"నాకేం సంబంధం అమ్మా? నేనెన్నడన్నా మీ బడిల కాలు పెట్టిన్నా?"

"పెట్టలే. ఓట్ల డబ్బా పెట్టిననాడు తప్ప."

చుట్టూ ఉన్నవాళ్లు బిక్కచచ్చిపోయారు. ధణి మాత్రం పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు.

"పదో తరగతి పిల్ల తండ్రి వచ్చి తకరారు చేసిండు. ఇక్కడనే, విద్యాధికారి వింటుండంగ. చెవు మీద కొట్టిండు, పిల్లకు ఇనపడ్తలేదు అన్నడు. పేరు చెప్ప. గరీబోడు, భయపడ్తడు. ఆ తండ్రే మళ్ల వచ్చి 'అబద్ధం చెప్పిన' అంటే రేపే మీ సారును నా జీపుల తోలిస్త. మీ రిజల్ట్ పడితే ఇజ్జత్ పోయేది నాదే గదా!"

జయాబాయి తిన్నగా బడికొచ్చింది. పదో తరగతి తలలొంచుకుని రాసుకుంటోంది. ఆమె చప్పుడు కాకుండా వెనుక గోడకు ఆనుకుని, దోమ పాడినంత సన్నగా, ఆడపిల్లల్ని ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచింది. పిలిచిన పిల్ల పిలిచినట్టే వెనక్కి తిరిగింది. సుప్రియ అయితే పేరు సగంలో ఉండగానే లేచి నిలబడింది.

"సారు మిమ్మల్ని ఎప్పుడన్నా కొట్టిండా?" అని జయాబాయి అడిగింది.

తరగతంతా గొల్లుమంది. "సుద్దముక్క ఇసురుతడు మేడమ్! అదీ ఎన్నడూ తగలదు!"

సుప్రియ మాత్రం నవ్వలేదు. "సారు ఎప్పుడొస్తరు మేడమ్? రెండు పాఠాలు మిగిలినయి."

చెవిటి పిల్ల లేదు. అంటే తకరారు పచ్చి అబద్ధం. మరి ఆ తండ్రెవరు?

సాయంత్రం బస్సు కోసం రోడ్డు క్రాసు దగ్గర నిలబడి ఉండగా జవాబు నెత్తిమీదే కనిపించింది. ఆ ప్రాంతంలో పని చేయించుకున్నవాడు ధణికి ఫ్లెక్సీ కట్టాలి. కట్టమని ఎవరూ అడగరు. కట్టనివాడికి మాత్రం ఆ తర్వాత ఏ పనీ కాదు. కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సీ ఊగుతోంది. చేతులు జోడించిన ధణి నిలువెత్తు బొమ్మ. కింద మూలన చిన్న గుండ్రంలో పసుపు హెల్మెటు పెట్టుకున్న కుర్రవాడు మారుతి, పక్కన 'ధణికి కృతజ్ఞతలతో, కేశవులు కుటుంబం' అని అక్షరాలు.

జయాబాయి ఆ ముఖం గుర్తుపట్టింది. మారుతి తన దగ్గర చదివినవాడే. లెక్కల్లో తప్పి చదువు మానేశాడు. వాడి తండ్రి కేశవులు ప్లాంటుకు పొలమిచ్చిన రైతు. పొలాల కోసం చేసిన ధర్నాలో అందరికంటే ముందు కూర్చున్న మనిషి. ధణి కారొస్తే బీడీ కూడా ఆర్పేవాడు కాదని చెప్పుకునేవారు. అలాంటివాడు ఫ్లెక్సీ కట్టాడు. అతని కూతురే సుప్రియ.

బస్సు వచ్చింది. ఎక్కలేదు. వెనక్కి ఊళ్లోకి నడిచింది.

కేశవులు ఇంటి గడపలోనే అతని భార్య సుంకమ్మ ఎదురొచ్చి చేతిలో పేడా మిఠాయి పెట్టింది. "మావోనికి ప్లాంటుల నౌకరీ అయింది మేడమ్! తినుర్రి. సుప్రియ నీళ్ల ట్యాంకరు కాడికి పోయింది, వస్తది."

కేశవులు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. కళ్లు మాత్రం పైకెత్తలేదు.

"సుప్రియ కోసమే వచ్చిన," అంది జయాబాయి మామూలుగా. "రాయచూరుల మంచి చెవుల డాక్టరున్నడు. ఏ చెవు కేశవులూ, కుడిదా, ఎడమదా?"

"ఎడమ..." అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

సుంకమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరి చెవు? ఏమైంది? నా బిడ్డ చెవులకేం రోగం?"

కేశవులు చెప్పులేసుకుని బయటికి నడిచాడు. జయాబాయి వెంట వెళ్లింది. ప్లాంటు గోడ దగ్గర ఆగాడు. గోడ అవతల ఒకప్పుడు అతని పొలం.

"రేపు నాతో ధణి కాడికి రా," అంది ఆమె. "తప్పు చెప్పిన అను. ఒక్క మాట. సారు తిరిగొస్తడు. నీ బిడ్డ గట్టెక్కుతది. పక్కన నేనుంట."

కేశవులు తల అడ్డంగా ఊపాడు.

"అవును మేడమ్, చెప్పింది నేనే. మీ సారు నా బిడ్డను గోటితో కూడ తాకలే. ధణి పిలిపించిండు. 'కేశవులూ, నీ కొడుకు ఇంకా ఖాళీగనే తిరుగుతున్నడా?' అన్నడు. పొలం పోయినప్పటి నుంచి వాని నౌకరీ కోసం తిరగని గడప లేదు. డిప్లొమా ఉండాలన్నరు. డిప్లొమాకు లెక్కలు రావాలె. మావోడు చదివిననాడు మీ బడిల లెక్కల సారు ఏడి? ధణి ఇంట్ల ఫోన్లెత్తుతుండె. మావోన్ని ముంచింది ధణే, కాంట్రాక్టరుకు చెప్పి నౌకరీ ఇప్పించింది ఆయననే. నాకు తెల్వదా? అన్నీ తెలుసు. ఒక్క మాట చెప్పు, చాలు అన్నడు. ఏం చెప్పాల్నో కూడ ఆయన మనుషులే నేర్పిన్రు. చెప్పిన. ఇప్పుడొచ్చి తప్పు అంటే, తెల్లారేసరికి గేటు కాడ వాని పాసు గుంజుకుంటరు. నేను రాను. మీ సారు కాళ్లు మొక్కుమంటే మస్కి దాంక పోయి మొక్కుత. ధణి ముందటికి మాత్రం రాను. సుప్రియ చదివే పిల్ల, ఎట్లనో ఒకట్ల గట్టెక్కుతది అని మనసుకు చెప్పుకున్న. గట్టెక్కదని కూడ ఎరుకే. ఇద్దరు పిల్లల్ల ఒకర్ని ఇడిచిపెట్టాల్సి వస్తే ఆడపిల్లను ఇడిచిన. తిట్టుర్రి మేడమ్, పడ్త. గానీ దానికి మీరు చెప్పకుర్రి. నేనే చెప్త. ముందు వాని మొదటి జీతం రానీర్రి."