ఎనిమిదో గొట్టం

అయిదో కడుగు నీళ్ళు గాజు గొట్టంలోకి వంచి, పెద్దాయన అందులో వెండి మందు చుక్క వేశాడు. పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. పొడిలో ఉప్పు ఇంకా ఉందన్నమాట. పళ్ళెంలోకి మళ్ళీ వేడినీళ్ళు పోశాడు.

"పొడి కడుగుతున్నావా బాబాయ్, పాపాలా?" ముసుగులకు పట్టీలు కుట్టే ఆమె నవ్వింది.

"పొడిదైతే ఏడు కడుగులకు పోతుంది తల్లీ. రెండోదానికి చెరువు చాలదు."

మెడ వంగిన పొట్టి మనిషి. వెండి మందుకు నల్లబడిన వేళ్ళ కొసలు ఎంత తోమినా తెల్లబడవు.

కొలిమి గొట్టాల్లో వాసన లేని విషవాయువు ఊరుతుంది. వాటిని బాగుచెయ్యడానికి దిగేవాళ్ళకు ముసుగే ప్రాణం. ముసుగులో కూరే ఈ పొడిమీద కంటికి ఆనని బంగారు నలుసులుంటాయి. అవే ఆ వాయువును గాలిలోని ప్రాణవాయువుతో కలిపి, విషం విరిచేస్తాయి. ఉప్పు మిగిలిందా, పొడి ఆరబెట్టే ఓవెన్ వేడికి నలుసులు జారి ముద్ద కడతాయి. బంగారం బంగారంగానే ఉంటుంది, పనే చెయ్యదు.

పద్దెనిమిదేళ్ళ కిందట తొందరపడి నాలుగు కడుగులతో సరిపెట్టాడు. ఆ ముసుగు తొడుక్కుని దిగినవాడు సొంత తమ్ముడు. పైకి శవమే వచ్చింది. అప్పటినుంచి చుక్క వేసినా నీళ్ళు తేటగా ఉండేదాకా వదలడు. చాలాసార్లు ఏడో కడుగుకు తేటపడుతుంది. అందుకే 'ఏడుకడుగులాయన' అన్న పేరు.

సూపర్‌వైజరు వచ్చాడు. "ఇక చాలు పెద్దాయనా. రేపు పొద్దున దిగేది మీ అల్లుడి జట్టే. ముసుగుల్లో ఏం కూరాలి, నీ కడుగు నీళ్ళా?"

"అల్లుడు కాబట్టే బాబూ. ఒక్క గంట."

పొద్దుటినుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. చెబితే ఇంటికి పంపి, పళ్ళెం ఇంకొకరి చేతిలో పెడతారు. చెప్పలేదు.

ఆరు. ఏడు. చుక్క వేసి వెలుతురుకు పట్టి చూశాడు. అద్దంమీద ఊపిరి పట్టినంత తెలుపు. కడుగుకొకటిగా వాడిన ఏడు గొట్టాల పక్కన, చిల్లుల చెక్కలో, ఎనిమిదో గొట్టం తుడిచి నిలబెట్టాడు. నీళ్ళు స్టవ్ మీద పెట్టి, కాగేలోపు కాసేపని గోడకు చేరగిలబడ్డాడు.

"లే బాబాయ్, నీళ్ళు మరుగుతున్నాయి." కుట్టే ఆమె భుజం తట్టింది. ఆయన పక్కకు ఒరిగిపోయాడు.

అల్లుడు పరుగున వచ్చి, "మామయ్యా" అని ఒక్కసారి పిలిచి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి నడిచాడు. అందరూ వెంట వెళ్ళారు.

సూపర్‌వైజరు ఒక్కడే వెనక్కి వచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చెక్కలో వాడిన గొట్టాలు లెక్కపెట్టాడు. ఏడూ అయ్యాయి, పెద్దాయన మాట దక్కిందనుకుని, పళ్ళెం తీసి ఓవెన్‌లో పెట్టాడు.

చెక్క చివర ఎనిమిదో గొట్టం, తుడిచిపెట్టింది పెట్టినట్టే, పొడిగా నిలబడి ఉంది.