ఎర్రగుట్ట దిగుడు

మొదటి హూటర్ మోగేసరికే ఉప్పలయ్య రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. కుడిచేతిలో ఎర్రజెండా. మెడలో తాడుకు విజిల్. కాళ్ళకు ఒక సైజు పెద్దవైన రబ్బరు బూట్లు. ఒంటి మీది ఖాకీ చొక్కా ఏనాడో ఖాకీ రంగు వదిలేసింది. ఎర్రగుట్ట గనిలో పనిచేసేవాళ్ళ బట్టలు రెండు వానాకాలాలు గడిస్తే ఇనపరాయి రంగుకు తిరుగుతాయి. అతని కనుబొమల్లో, చెవుల మడతల్లో, గోళ్ళ చుట్టూ అదే ఎరుపు. సబ్బుకు పోదు. దాన్ని పోగొట్టుకోవాలని అతను ప్రయత్నించి కూడా చాలా కాలమైంది.

పని చిన్నది. గనిలో మందు పేల్చే ముందు రోడ్డు మీద బండ్లు ఆపాలి. పేలిన తర్వాత హూటర్ పొడుగ్గా మోగితే వదలాలి. రాయి మోసే డంపరైనా, ఆఫీసరు కారైనా జెండా ముందు ఆగవలసిందే. ముప్పై ఏళ్ళలో ఇంకో మనిషి మీద అతనికున్న అధికారం అదొక్కటే. అదీ రోజుకు అరగంట.

ఈ సాయంత్రంతో అదీ అయిపోతుంది. రిటైరవుతున్నాడు. కానీ అతని చూపు కింది మలుపు దగ్గరే ఉంది. నీళ్ళ టాంకరు రావాలి. దాని మీద సైకిలు రావాలి.

చలికాలంలో పని మీద జగదల్‌పూర్ వెళ్ళినప్పుడు శ్రీరంగం గారి సైకిళ్ళ దుకాణంలో ఆ రకం సైకిలు చూశాడు. లావు టైర్లు, గేర్లు, ముందు ఫోర్కుకు స్ప్రింగులు. శ్రీరంగం అతన్ని పైనుంచి కిందికి చూసి, ఇది కుర్రవాళ్ళు సరదాకి కొనేదని, ఈ వయసులో మామూలు సైకిలు నయమని చెప్పాడు.

"దిగుడుల బ్రేకు పడతదా?" అని మాత్రం ఉప్పలయ్య అడిగాడు.

ముందు స్ప్రింగు ఉంటుందని, వెనక ఉండదని, వెనక భాగమంతా ఒకటే గట్టి చట్రమని, దీన్ని హార్డ్‌టెయిల్ అంటారని శ్రీరంగం వివరించాడు. ఉప్పలయ్య అంతా విని మళ్ళీ అదే అడిగాడు. డిస్కు బ్రేకులని, కొండ మీద నుంచి దూకించినా పట్టి ఆపుతాయని శ్రీరంగం ఒట్టేసినంత పని చేశాడు. అతని ఎత్తుకు సరిపోయేది కొట్లో లేదు. రాయ్‌పూర్ నుంచి తెప్పిస్తానన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా రేపే అన్నాడు. ఎండాకాలం వచ్చింది, పోయింది. చివరికి ఉప్పలయ్య, తన ఆఖరి డ్యూటీ రోజుకు అందకపోతే ఇక పంపవద్దని చెప్పాడు. శ్రీరంగం అది బేరం అనుకున్నాడు. అయినా నిన్న రాత్రి బస్సు మీద వేయించాడు. బస్సు కొండ కింది కాలనీ దాకానే వస్తుంది. అక్కడి నుంచి పైకి టాంకరు డ్రైవరు మంగు తేవాలి.

సైకిలు ఈ రోజే ఎందుకు కావాలో ఉప్పలయ్య ఎవరికీ చెప్పలేదు. రిటైరైన మనిషిని కంపెనీ దండేసి, మేనేజరు జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి, కింద కాలనీలో ఇంటి గుమ్మం ముందు దించుతుంది. అది ఇక్కడి మర్యాద. బతుకంతా లారీ తొట్టిలో నిలబడి దిగినవాళ్ళు ఆ ఒక్క ప్రయాణం గురించి చచ్చేదాకా చెప్పుకుంటారు. ఉప్పలయ్య ఆ జీపు ఎక్కడు. కొండను తన సైకిలు మీద, కాలు నేల మీద పెట్టకుండా దిగుతాడు. అది ఎప్పుడో నిశ్చయమైంది.

రెండో హూటర్ మోగింది. అప్పుడు వచ్చింది టాంకరు. నీళ్ళ టాంకు మీద అట్టలు చుట్టిన సైకిలు తాళ్ళతో కట్టి ఉంది. ఉప్పలయ్య జెండా ఎత్తాడు. మంగు బ్రేకు వేసి తల బయట పెట్టాడు. కోంటా వైపు దోర్లా తెగ కుర్రవాడు. ఉప్పలయ్యతో తెలుగులోనే మాట్లాడతాడు.

"నీ సైకిలే మామా. అల్లుడొచ్చినట్టొచ్చింది. వదలరాదూ."

"పేలినంక పో."

"ఆఖరి రోజు గూడ ఇదేంది మామా?"

ఉప్పలయ్య జెండా దించలేదు. కొండ లోపల ఏదో బొర్లినట్టు నేల కదిలింది. గని మీద ఎర్ర దుమ్ము లేచి, మెల్లగా విడిపోయి, చెట్ల మీద వాలింది. పొడుగు హూటర్ మోగాకే పక్కకు తప్పుకున్నాడు.

అన్నం తినలేదు. వర్క్‌షాపు నుంచి స్పానర్లు తెచ్చి, షెడ్డు నీడలో కూర్చుని, అట్టలు విప్పి హ్యాండిల్ బిగించాడు, పెడల్స్ బిగించాడు. సైకిలు నల్లగా ఉంది. మడ్గార్డులు లేవు, స్టాండు లేదు, బెల్లు లేదు. టైర్ల మీద మొసలి వీపులా బుడిపెలు. మంగు చుట్టూ తిరిగి చూశాడు.

"గింత పైస పోస్తే బొక్కల గూడు ఇచ్చిండు. క్యారియర్ ఏది మామా? మన వర్క్‌షాపుల వెల్డింగు పెట్టిస్త తియ్యి."

"వద్దు."

"రేపు ఎవలన్న ఎనక కూసోవాలంటే?"

"ఎవలు కూసోరు."

మంగు సైకిలు ఎత్తి నిలబెట్టాడు. ఉప్పలయ్య కాలు అవతలికి వేసి ఎక్కాడు. ముందు భాగం కిందికి కుంగింది. విరిగిందేమోనని వెంటనే దిగాడు. రెండు చేతులతో హ్యాండిల్ నొక్కి చూశాడు. కుంగి, మళ్ళీ లేచింది. మంగు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఉప్పలయ్య మళ్ళీ ఎక్కాడు.

రాయి పోగులు పోసే మైదానంలో తొక్కాడు. గేరు మార్చితే గొలుసు గరగరలాడి, కాలు గాలిలో తిరిగినట్టు తేలికైంది. ఇంకోసారి మార్చితే బండరాయిని తోస్తున్నట్టు బిగిసింది. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కితే వెనక చక్రం లేచి అతన్ని హ్యాండిల్ మీదుగా పడేసింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచి, దుమ్ము దులుపుకోకుండానే ఎక్కాడు. మొదట వెనక బ్రేకు, తర్వాత ముందు బ్రేకు. అదీ రెండు వేళ్ళతో. డంపర్లు దున్నిన చక్రాల గాడుల్లోకి కావాలనే తొక్కాడు. ముందు చక్రం కింది గుంతలను స్ప్రింగు మింగింది. వెనక చక్రం కిందివి నేరుగా వెన్నులో దిగాయి. పళ్ళు బిగపట్టి, సీటు మీద నుంచి లేచి తొక్కితే నడుముకు తెలియదని కనుక్కున్నాడు. షిఫ్టు మారే వేళకు రాతికుప్ప మీది వాలు నుంచి దిగి, తాను ఎక్కడ అనుకున్నాడో అక్కడే ఆపగలిగాడు. బ్రేకు పట్టింది. శ్రీరంగం అబద్ధం చెప్పలేదు.

సాయంత్రం ఆఫీసు ముందు శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు, మిఠాయి పెట్టె ఇచ్చారు. కొత్త మేనేజరు కుర్రవాడు. హిందీలో నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఉప్పలయ్య జెండా ఎత్తితే తన కారు కూడా ఆగేదని చెప్పి అందరినీ నవ్వించాడు. ఉప్పలయ్య నవ్వలేదు. జీపు వచ్చి మెట్ల ముందు ఆగింది. డ్రైవరు సుక్రాం దిగి ఇవతలి తలుపు తెరిచాడు. ముందు సీటు మీద పెద్దవాళ్ళకు పరిచే తెల్లటి తువ్వాలు పరిచి ఉంది.

అతను పనిలో చేరిన కొత్తల్లో ఇలాంటి జీపే ఒకనాటి మధ్యాహ్నం ఇక్కడే చెట్టు నీడలో ఉంది. అప్పుడు కూలీలందరివీ కొండ మీద గుడిసెలు. ఆసుపత్రి కింద. తెల్లవారుజామున అతని భార్య సోమమ్మకు కాన్పు అయింది. బిడ్డ ఏడవలేదు. ఆ తర్వాత సోమమ్మకు నెత్తురు ఆగలేదు. ఉప్పలయ్య పరుగెత్తుకొచ్చి కాంట్రాక్టరు సూపర్‌వైజరును జీపు అడిగాడు. ఆయన అన్నం తింటున్నాడు. కోప్పడలేదు. సీట్లకు మొన్ననే కొత్త కవర్లు వేయించామని, ఆ మరకలు పోవని, కింది నుంచి లారీ వచ్చేదాకా ఆగమని నెమ్మదిగా చెప్పాడు. ఉప్పలయ్య ఆగలేదు. సోమమ్మను సైకిలు క్యారియర్ మీద కూర్చోబెట్టి, చీరతో తన నడుముకు కట్టుకుని బయల్దేరాడు. ఆ సూపర్‌వైజరు మరో నాలుగేళ్ళు ఇక్కడే పనిచేశాడు. ఆలోపే ఉప్పలయ్య చేతికి జెండా వచ్చింది. బదిలీ అయిపోయేదాకా ఆయన జీపును అన్ని బండ్ల తర్వాతే వదిలాడు. దానివల్ల ఏమీ తీరలేదు. అయినా మానలేదు.

మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి జీపు ఎక్కమన్నాడు. ఉప్పలయ్య దండ తీసి, శాలువా మడిచి, మిఠాయి పెట్టెతో పాటు మెట్టు మీద పెట్టాడు. తాను సైకిలు మీద దిగుతానన్నాడు. మేనేజరు నవ్వాడు. సైకిలును జీపు పైన కట్టిద్దామన్నాడు. ఉప్పలయ్య అడ్డంగా తల ఊపాడు. ఎందుకని అడిగాడు మేనేజరు. ఆ రోజుకు ఈయన పుట్టి కూడా ఉండడు. ఉప్పలయ్యకు దాంతో పని లేదు. సుక్రాం వైపు తిరిగాడు. సుక్రాంకు తెలుగు వచ్చు, ఆ కథా తెలుసు.

"చెప్పు సుక్రాం మీ సార్‌కు. అప్పుడు సీటు ఖరాబైతదన్నరు. ఇప్పుడు గూడ కానియ్యనని చెప్పు."

సుక్రాం మేనేజరుతో హిందీలో, పెద్దాయనకు జీపు ఎక్కితే కళ్ళు తిరుగుతాయట అన్నాడు. అందరూ నవ్వారు. అయితే జీపును వెనకాలే నడిపించమని, ఇంటి దాకా వెంట ఉండమని మేనేజరు చెప్పాడు.

ఉప్పలయ్య సైకిలెక్కాడు. గేటు దాటాక దారి ఒక్కసారిగా వంగి కిందికి దిగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. నడుమ ఎర్ర కంకర దారి, దాని మీద డంపర్ల చక్రాల గాడులు. వేళ్ళు బ్రేకుల మీద పెట్టి పెదవులు బిగించాడు. మొదటి మలుపు దగ్గర వెనక జీపు చప్పుడు దగ్గరైంది. అతను తల తిప్పలేదు. ఎడమచెయ్యి వదిలి, అరచెయ్యి వెనక్కి చూపిస్తూ పైకెత్తాడు. రోజూ లారీల ముందు ఎత్తినట్టే ఎత్తాడు. సుక్రాం కాలు తనంతట తనే బ్రేకు మీద పడింది. జీపు ఆగింది.

రెండో మలుపు. మూడో మలుపు. సీటు మీద నుంచి లేచి, మోకాళ్ళు వంచి, గుంతలను కాళ్ళతో తీసుకున్నాడు. నాలుగో మలుపులో కంకర జారింది. సైకిలు లోయ వైపు ఊగి, మళ్ళీ దారికి వచ్చింది. కాలు కిందికి పోబోయింది. పోనివ్వలేదు.

ఆనాడు ఈ వాలు మీదే పాత సైకిలు బ్రేకు రబ్బర్లు కాలిపోయాయి. రెండు కాళ్ళూ నేలకు ఈడ్చుకుంటూ దిగాడు. చెప్పులు తెగిపోయాయి. సోమమ్మ అతని వీపుకు చెంప ఆనించి, మెల్లగ పో అంది. ఐదో మలుపు తిరుగుతుంటే అతని నడుము చుట్టూ వేసిన ఆమె చెయ్యి వదులైంది. చీర కట్టి ఉండబట్టి ఆమె పడిపోలేదు. ఉప్పలయ్యకు తెలిసింది. మిగతా దారంతా తెలిసే దిగాడు.

ఐదో మలుపు వచ్చింది. వెనక బ్రేకు, తర్వాత ముందు బ్రేకు. సైకిలు నడక వేగానికి తగ్గి, మలుపు పొడుగునా చెప్పినట్టు విన్నది. వీపు మీద గాలి తగిలింది. అతను ఆగలేదు. మలుపు అవతల బ్రేకులు వదిలాడు. పైకొస్తున్న డంపరు రేపిన దుమ్ములోకి పోయి, దాని అవతల తేలి, ఆ కింది మలుపులో కనబడకుండా పోయాడు.

పైన మొదటి మలుపులో సుక్రాం ఇంజను ఆపేసి, దిగి, లోయ అంచున నిలబడి చూస్తున్నాడు. ఇవతలి తలుపు సరిగా పడలేదు, గాలికి తెరుచుకుంది. సీటు మీద ఆ తెల్లటి తువ్వాలు ఎవరూ కూర్చోక, ఒక్క ముడతైనా లేకుండా, అంచు మాత్రం గాలికి కొద్దిగా లేచి పడుతూ ఉంది.