గోడ బయట ఫార్వర్డ్ లైన్

మా రేచెల్ కొట్టిన గోల్‌కి నేను ఆనందకుమార్ ఇంట్లో బిర్యానీ తిని, అతని కూతుర్ని మెచ్చుకుని వచ్చాను. ఒకసారి కాదు, గోల్ పడ్డ ప్రతి శుక్రవారమూ ఇదే తంతు. నా అంత ఓర్పున్న తండ్రి దుబాయ్ మొత్తంలో ఇంకొకడు ఉంటాడని నేననుకోను.

సంగతేమిటంటే, షార్జాలో మా పిల్లలు చదివే అమ్మాయిల కాలేజీకి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉంది. శుక్రవారం సాయంత్రాలు మ్యాచ్‌లు. మగవాళ్ళని లోపలికి రానివ్వరు, తండ్రయినా సరే గేటు దాకానే. ఆడవాళ్ళు వెళ్ళొచ్చు గాని, కెమెరా ఉన్న ఫోన్ గేటు దగ్గర ఇచ్చెయ్యాలి. అందుకని నేనూ ఆనందకుమారూ గోడ బయట నా కారుకి ఆనుకుని, లోపల్నుంచి వచ్చే అరుపుల్ని బట్టి మ్యాచ్ చూసేవాళ్ళం. మా టీమ్ ఎటాక్ ఎక్కడ బాగుందో, ఎక్కడ చెడిందో తేల్చేవాళ్ళం. టీవీలో కోటు వేసుకుని కూర్చునేవాళ్ళు కూడా అంత ధీమాగా మాట్లాడరు.

ఆనందకుమార్ అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపరు. వారమంతా కంపెనీ గదిలోనే మకాం. గురువారం రాత్రి అల్ నహ్దాలో ఇంటికొచ్చి, శుక్రవారం రాత్రికల్లా మళ్ళీ బస్సెక్కుతాడు. భార్య దయాకుమారి ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. ఎలీనా ఒక్కతే కూతురు. పొద్దున చర్చి, సాయంత్రం ఈ గోడ, ఈ రెంటి మధ్యే అతని సంసారమంతా.

కుర్రతనంలో బందరులో కాలేజీ టీముకి ఫార్వర్డ్‌గా ఆడాడట. ఆ సంగతి మా చర్చి ఫెలోషిప్‌లో తెలియనివాళ్ళు లేరు, తెలియకుండా ఉండే అవకాశం అతను ఎవరికీ ఇవ్వలేదు. ఎలీనాకి ఇసకలో బంతి తన్నడం నేర్పింది అతనే. కాలేజీలో చేరిన ఏడాది ఆ పిల్ల ఫార్వర్డ్‌గానే ఆడి గోల్స్ కొట్టింది కూడా. మరుసటేడు టీములో గోల్ కాసే గోలీగా ఉన్న అమ్మాయి చదువు అయిపోయి వెళ్ళిపోయింది. కోచ్ మేడమ్ ఎలీనాని తెచ్చి గోల్ ముందు నిలబెట్టి, మా రేచెల్‌ని ముందుకి పంపింది. ఈ మాట ఎలీనా వాళ్ళ నాన్నకి చెప్పలేదు. రేచెల్ నాకు చెప్పింది, చెప్పి ఎవరితోనూ అననని మాట తీసుకుంది.

అప్పట్నుంచి మొదలైంది నా అవస్థ. లోపల కేకలు లేస్తే ఆనందకుమార్ నా వీపు మీద చరిచి, మా ఎలీనాయే కొట్టుంటుందనేవాడు. కేకలు లేవకపోతే మీ రేచెల్ బంతి సరిగ్గా అందివ్వలేదనేవాడు. గోల్ పడితే ఆయన కూతురి గొప్ప, పడకపోతే నా కూతురి తప్పు. తిరిగొచ్చేటప్పుడు కారులో, ఈవేళ ఎటాక్ ఎలా ఉందమ్మా అని అడిగేవాడు. ఎవరు ఎటు పరిగెత్తారో, బంతి ఎవరి కాలి నుంచి ఎవరి కాలికి పోయిందో ఎలీనా పూసగుచ్చినట్టు చెప్పేది. గోలీకి గ్రౌండంతా కనబడుతుంది మరి. ఫార్వర్డ్‌కి ఇలాంటి చూపు దేవుడిస్తేనే వస్తుందని ఆయన మురిసిపోయేవాడు. రేచెల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. నేను స్టీరింగ్ మీద కోపం తీర్చుకునేవాణ్ణి.

నీకు బాధగా లేదా అని ఒకసారి రేచెల్‌ని అడిగాను. పోనీలే డాడీ, ఆయనొచ్చేది వారానికొక్క రోజేగా అంది. పిల్లకున్న పెద్దమనసు నాకు లేదని ఒప్పుకుంటాను.

ఇలా నడిచిపోతుండగా ఎలీనా వేలు వాచింది. బాత్‌రూములో జారానని ఆ పిల్ల అంది. వాళ్ళమ్మ దగ్గరా ఆ మాటలు? ఆటలో దెబ్బేనని దయాకుమారి చూడగానే పట్టేసింది. కాళ్ళతో ఆడే ఆటలో వేళ్ళెందుకు వాస్తాయని మొగుణ్ణి నిలదీసింది. వచ్చేది ఆఖరి ఏడాది, ఇంక ఆటా గీటా కట్టిపెట్టమంది. ఎలీనా లేకపోతే అసలు ఆ టీమే లేదని, గోల్సన్నీ దాని కాళ్ళ మీదే పడుతున్నాయని ఆనందకుమార్ ఇల్లెగిరిపోయేలా వాదించాడు. అయితే వచ్చే శుక్రవారం సెలవు పెట్టి నా కళ్ళతో చూసొస్తానంది దయాకుమారి. మీరన్నది నిజమైతే ఆడనిస్తాను, కాదంటే ఆ రోజుతో ఖలాస్ అని తేల్చేసింది. మొగుడు సంతోషంగా ఒప్పుకున్నాడు. కూతురు మాత్రం ఆ రోజంతా అన్నం ముట్టలేదని రేచెల్ చెప్పింది.

అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. కాని మాటిచ్చాను. పైగా ఎలా మొదలుపెట్టాలో తోచలేదు.

ఆ శుక్రవారం దయాకుమారి పాత నోకియా పట్టుకుని గేటు దాటి లోపలికి వెళ్ళింది. కెమెరా లేని ఫోన్ గనక గేటు దగ్గర ఇవ్వక్కర్లేదు మరి. మనవాళ్ళు గోల్ కొడితే ఒక మిస్డ్ కాల్, అవతలివాళ్ళు కొడితే రెండు, ఇదీ ఆనందకుమార్ పెట్టిన లెక్క. ఆవిడ లోపలికి వెళ్ళినప్పట్నుంచి నాకు ఒకచోట నిలకడ లేదు. కారు తుడిచాను, టైర్లు తన్ని చూశాను, నీళ్ళ సీసా మూత తీశాను, పెట్టాను. ఆయన మాత్రం ఫోన్ని అరచేతిలో పెట్టుకుని కాలుగాలిన పిల్లిలా గోడ పొడుగునా తిరిగాడు.

ఫోన్ మోగలేదు. లోపల కేకలు లేచినట్టే లేచి చల్లారిపోతున్నాయి.

ఆటంతా మధ్యలోనే ఇరుక్కుపోయిందని ఆనందకుమార్ మొదలెట్టాడు. ఎడమవైపు ఎవరూ వాడుకోవడం లేదట, ఎలీనాది ఎడమకాలట, దానికి బంతి అందించాల్సిన రేచెల్ తనే పెట్టుకుని కూర్చుందట. బంతి అసలు రేచెల్ దాకా వస్తేగా అన్నాను నేను. వచ్చింది పోగొడుతోంది అన్నాడు. నువ్వు చూశావా అన్నాను. నువ్వు చూశావా అన్నాడు. ఎండకి, ఉక్కకి, ఒళ్ళుమంటకి ఇద్దరి గొంతులూ లేచిపోయాయి. గేటు దగ్గర కాపలా ఉండే షావలి కడప మనిషి. కుర్చీలోంచి లేవకుండానే మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏం సార్, గోడను చూసే ఇంత కొట్లాడుతున్నారు. లోపల ఆట చూసింటే ఏం జేస్తురో."

మేమిద్దరం చెరోవైపు తిరిగి నిలబడ్డాం. అప్పుడు మోగింది ఫోన్. ఒకసారి మోగి ఆగలేదు, మోగుతూనే ఉంది. ఆనందకుమార్ ముఖంలో రంగు మారింది. డబ్బు దండగని ఎప్పుడూ మిస్డ్ కాలే ఇచ్చే మనిషి నిజంగా ఫోన్ చేసిందంటే, పిల్లకి ఏ దెబ్బో తగిలి ఉంటుందనుకున్నాడు. నాకు మాత్రం అదేం కాలో తెలుసు.

లోపల గోలగా ఉండి కాబోలు ఆవిడ అరిచి మాట్లాడింది. పక్కనున్న నాకు ప్రతి ముక్కా వినబడింది.

"ఏవండీ, ఇదేం ఆటండీ? అందరూ అటెళ్ళి పరిగెత్తుతుంటే మన పిల్ల ఒక్కత్తే గ్లౌజులేసుకుని వల ముందు నిలబడింది. అదేంటని పక్కమ్మాయినడిగితే, గోల్స్ కొట్టేది రాబర్ట్ గారి రేచెల్ అంట. ఎలీనా పోయినేడాది నుంచీ అక్కడే నిలబడుతోందంట. మరి మీరు చెప్పిందంతా ఏంటి?"

సగం ఆట అయిందని చెప్పి, ఇంటికెళ్ళాక మాట్లాడదామని పెట్టేసింది.

ఆనందకుమార్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు. నీకు తెలుసా అన్నాడు. తెలుసన్నాను. మొదట్నుంచీనా అన్నాడు. మొదట్నుంచీ అన్నాను. పిల్లలూ నువ్వూ కలిసి నన్ను పిచ్చివాణ్ణి చేశారన్నాడు. అంతే, నాలో ఇన్నాళ్ళూ ఉడుకుతున్నదంతా పొంగిపోయింది.

"నా కూతురు గోల్ కొడితే నీ ఇంటికొచ్చి నీ కూతురికి కంగ్రాట్స్ చెప్పాను బ్రదర్. నీ నోటితో నా పిల్లని నువ్వు తిడుతుంటే విన్నాను. కోప్పడాల్సింది నేనా, నువ్వా?"

షావలి నవ్వడం ఆపి, మాకేసి చూడకుండా తల తిప్పుకున్నాడు. నాకు అంత గట్టిగా అన్నందుకు సిగ్గేసింది, అన్నందుకు హాయిగానూ ఉంది. ఆనందకుమార్ గోడకి వీపు ఆనించి కిందే కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదు రాబర్టూ, నాకెందుకు చెప్పలేదు అని మెల్లిగా అడిగాడు. దాన్నే అడగమన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు.

లోపల విజిల్ ఊదారు. రెండో సగం మొదలైంది. ఆనందకుమార్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ముసఫ్ఫా బస్సెక్కి ముందే వెళ్ళిపోతాడనుకున్నాను. కాని ఫోన్ తీసి భార్యకి చేశాడు. ఆవిడ ఎత్తగానే, ఇప్పుడది ఎటువైపు నిలబడిందని అడిగాడు. పిల్ల వెనకాల మసీదు మినారు కనబడుతోందంది ఆవిడ. ఆయన తలెత్తి చూశాడు. కాలేజీ గోడ చివర, రోడ్డవతల ఉంది మినారు. ఫోన్ పెట్టేసి గోడ వెంబడి అటు నడిచాడు.

ఆయన్ని ఒంటరిగా వదలబుద్ధి కాక నేనూ వెనకే వెళ్ళాను. అటువైపు నీడ లేదు, కాలు దిగబడే ఇసక. గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా సున్నం వేసిన గోడ తప్ప ఏమీ లేదు. నాకు చిరాకేసింది. కారు దగ్గర కాస్త నీడైనా ఉందని అనబోయాను.

అప్పుడు గోడవతల్నుంచి ఒక ఆడపిల్ల కేక వినబడింది. పక్కనే నిలబడి అరిచినంత దగ్గరగా వినబడింది. వెనక్కి రండి, నంబర్ సిక్స్‌ని వదలొద్దు, లైన్ పట్టుకోండి అని ఇంగ్లీషులో, మధ్య మధ్య అరబిక్‌లో, యల్లా యల్లా అంటూ అందర్నీ తోలుతోంది. ఒక్క క్షణం కూడా ఊరుకోవడం లేదు. మా కారులో ముందు సీటుకి వినబడీ వినబడనంత మెల్లిగా మాట్లాడే పిల్ల అది. చర్చిలో ప్రార్థన చెయ్యమంటే తల దించుకునే పిల్ల.

"ఇది మన ఎలీనాయేనా?" అన్నాడు ఆనందకుమార్.

అవునన్నాను. రేచెల్, నీదే, వెళ్ళు అని మళ్ళీ కేక. నా కూతురి పేరు అంత నమ్మకంగా ఎవరైనా పిలవగా నేను అంతవరకూ వినలేదు. నాకు తెలియకుండానే నేను కూడా గోడకి చెయ్యి ఆనించాను.

ఆ తర్వాత మేం ఎటాక్ గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ధబ్‌మని బంతి తగిలిన చప్పుడు, ఇసక మీద మనిషి పడ్డ చప్పుడు, వెంటనే లేచి మళ్ళీ అదే గొంతు. పడ్డ ప్రతిసారీ ఆయన భుజం ఉలిక్కిపడింది, గొంతు వినబడ్డాక గాని ఊపిరి వదల్లేదు. చివర్లో అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చినట్టున్నారు, లోపలంతా నిశ్శబ్దమైపోయింది. ఆనందకుమార్ కళ్ళు మూసుకున్నాడు. బంతి తన్నిన చప్పుడు వినబడింది, దాని వెనకే ఇంకో చప్పుడు, ఆ వెనక గ్రౌండ్ దద్దరిల్లిపోయింది. ఎవరు గెలిచారు, ఎవరి కేకలివి అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాకేం తెలుసు? గోడ పైనుంచి ఏమీ కనబడదు.

విజిల్ మోగాక నేను గేటు దగ్గరికి వచ్చాను. ఆయన రాలేదు. దయాకుమారి ముందుగా బయటికొచ్చింది. ముఖమంతా చెమట, గొంతు బొంగురుపోయింది. ఎవరూ గోల్ కొట్టలేదు అన్నయ్యా, సున్నా సున్నా అంది. ఎలీనా లేకపోతే అయిదారు పడేవంట, అందరూ అదే అంటున్నారంది. ఇక ఆట మాన్పిస్తారా సిస్టర్ అని అడిగాను. మాన్పించడమా అని ఆవిడ నన్నే కోప్పడింది. వాచిన వేలికి అలాగేనా కట్టు కట్టేది, ఇక మీదట నేనే కట్టి పంపుతానంది.

రేచెల్, ఎలీనా కలిసి వచ్చారు. నాన్నకి తెలిసిపోయిందని వాళ్ళమ్మ లోపలే చెప్పినట్టుంది, ఎలీనా కళ్ళు ముందు కారు దగ్గరికే వెళ్ళాయి. అక్కడ నాన్న లేడు. పిల్ల ముఖం పాలిపోయింది.

"డాడీ వెళ్ళిపోయారా అంకుల్?"

నేను మసీదు వైపు చూపించాను. ఆ పిల్ల బ్యాగు కింద పడేసి ఇసకలో అటు పరిగెత్తింది. మేం మెల్లిగా వెనకాల వెళ్ళేసరికి తండ్రికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయి నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళడానికి భయపడుతోంది.

"గోలీనని తెలిస్తే మీరు రావడం మానేస్తారేమోనని చెప్పలేదు డాడీ," అంది.

ఆనందకుమార్ చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. కూతురి చేతులకేసి చూశాడు, వాచిన వేలు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, వాటిని దాచుకోనూ లేదు.

"హాఫ్ టైమ్ నుంచీ ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు. "నీ వెనకే."