ఎత్తిన చెయ్యి

పాము పగ పన్నెండేళ్లంటారు. నాది ఏడేళ్లే. మిగతా ఐదేళ్లు ఆగే ఓపిక నాకు లేదు.

ఇబ్రహీంపట్నంలో హోమ్ థియేటర్లు బిగించేవాళ్లం ఇద్దరమే. ఒకడు సంజీవన్న. పెళ్లిళ్లకు డీజే బాక్సులు కట్టి పైకొచ్చిన మనిషి, బస్టాండు పక్కన పెద్ద షాపు. రెండోవాణ్ణి నేను, దేవేందర్‌ని, అతని దగ్గరే పని నేర్చుకున్నవాణ్ణి. మా నాయన అంజిలయ్య పెద్ద చెరువులో చేపలు పట్టేవాడు. నాకు ఎడమ చెవి వినపడదు. ఆ చెవిని పోగొట్టింది సంజీవన్నే.

అప్పుడు యాచారంలో ఒక కొత్త ఇంట్లో పని. సంజీవన్న సరౌండ్ స్పీకర్లను సోఫా పక్కనే, కూర్చున్నవాళ్ల చెవుల ఎత్తులో బిగించి, నేరుగా చెవుల్లోకే గురిపెట్టాడు. ఇంటాయన కూర్చుని విని మొహం చిట్లించాడు. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

“అన్నా, గట్ల చెవులకే పెడితే గుచ్చుకుంటది. జర ఎనకకు జరిపి, తలకాయ మీదికెల్లి పోయేటట్టు తిప్పాలె,” అన్నాను.

అందరి ముందు చాచి కొట్టాడు. అరచెయ్యి సరిగ్గా ఎడమ చెవి మీద పడింది. మూడు రోజులు లోపల ఈల మోగింది, తర్వాత చీము కారింది, నెల తిరిగేసరికి హైదరాబాద్ దవాఖానలో డాక్టరు ఆ చెవి ఇక రాదన్నాడు. కొట్టినందుకు నాకంత కోపం లేదు, నిజమే చెప్తున్నాను. పని నేర్చుకుంటూ దెబ్బలు తిననివాడెవడు? కానీ నేను సొంతంగా చిన్న దుకాణం పెట్టుకోగానే అతను ఇంటింటికీ చెప్పుకొచ్చాడు. “వానికి చెవుడు. చెవిటోనితోని సౌండ్ సెట్ చేయించుకుంటరా? చెవిటోని ముందట శంఖం ఊదినట్టే!” ఊరు నవ్వింది. వచ్చిన పిలుపులు వచ్చినట్టే వెనక్కి పోయాయి. ఏడాదికి మూడో నాలుగో థియేటర్లు, మిగతా రోజులు ఫ్యాన్లు బిగించడం, టీవీలు గోడకెక్కించడం. చెవి తీసినవాడే చెవిటోడని పేరు పెట్టాడు. అది నేను మరిచిపోలేదు, మరిచిపోదామని ప్రయత్నించనూ లేదు.

మొన్న ఫిబ్రవరిలో వీర్రాజుగారనే ఆయన ఫోన్ చేశారు. భీమవరం వైపు నుంచి వచ్చి, సాగర్ రోడ్డు మీద కొత్త వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నారు.

“మీకు ఒక చెవే వినపడుద్దంట కదండీ?” అన్నారు, పేరైనా అడక్కుండా.

“అవ్ సార్. గా ఒక్కటి మంచిగ వినపడ్తది,” అన్నాను.

ఏమనుకున్నారో, రమ్మన్నారు.

వెళ్లేసరికి ఆయన భార్య రత్నమాలగారు తలకు గుడ్డ బిగించి కట్టుకుని ఉన్నారు. సంజీవన్న థియేటర్ పెట్టి మూడు వారాలైందట. సినిమా వేస్తే చాలు, అరగంటకల్లా ఆవిడకు తలనొప్పి. ఫోన్ చేసి చెబితే, ఆడవాళ్లకు మంచి సౌండు పడదు, నాలుగు రోజులు పోతే అలవాటవుతుందన్నాడట.

“నా తలనొప్పి సంగతి నాకు తెలీదంటండీ!” అన్నారావిడ. ఆ కోపం చూడగానే నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది.

గదిలోకి అడుగుపెట్టగానే నవ్వొచ్చింది. స్పీకర్లు యాచారంలో ఎలా పెట్టాడో అలాగే పెట్టాడు. అదే ఎత్తు, అదే గురి. ఏడేళ్లలో ఒక్క అంగుళం కదల్లేదు. యాంప్లిఫయర్ వెయ్యగానే సన్నగా ఈల వినిపించింది. నా చచ్చిన చెవిలో మోతేమో అనుకున్నాను, అది అప్పుడప్పుడూ మోగుతూనే ఉంటుంది. కుడి చెవిలో వేలు పెట్టుకున్నాను. ఈల ఆగింది. తీశాను. మళ్లీ వచ్చింది, కుడి గోడ మీది స్పీకర్‌లోంచి. సన్న శబ్దాలను పెంచే ట్రెబుల్ చూస్తే చివరిదాకా తిప్పేసి ఉంది.

అక్కడే సోఫాలో కూలబడ్డాను. ఇంత ఈల మోగుతుంటే సంజీవన్న పని పూర్తయిందని ఎలా వెళ్లిపోయాడు? ఇరవై ఏళ్లు డీజే బాక్సుల ముందు నిలబడ్డ మనిషి. సన్న శబ్దాలు అతనికి వినిపించడం లేదు. అందుకే ట్రెబుల్ పెంచాడు, అందుకే స్పీకర్లను చెవుల్లోకి గురిపెట్టాడు. తనకు వినిపించేలా ఊళ్లోవాళ్ల ఇళ్లన్నిట్లో బిగించుకుంటూ పోయాడు. ఆ రోజు యాచారంలో నేను చెప్పిన తేడా కూడా అతనికి వినిపించి ఉండదు.

జాలిపడాల్సిన చోటే అది. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది.

“సార్, ఒకరు చేసిన పని మీద వాళ్లు లేకుంట చెయ్యి పెట్టొద్దు. సంజీవన్నను గూడ పిలువుండ్రి. ఆయన ముందటనే చేస్త,” అన్నాను.

వీర్రాజుగారు ముచ్చటపడిపోయారు. “చూశావా రత్నం, ఈ రోజుల్లో ఇంత పెద్దరికం ఎవరికుంది!” అన్నారు. పెద్దరికమూ లేదు, పాడూ లేదు. గాలానికి ఎర గుచ్చుతున్నాను. చెరువు మీద బతికినవాడి కొడుక్కి అది ఒకరు నేర్పాలా?

ఆదివారం పొద్దున పదింటికి సంజీవన్న బుల్లెట్ దిగాడు. మెడలో గొలుసు, చేతిలో అరచేతికి పట్టనంత ఫోను. నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు.

“ఏందిరా చెవిటోడా, నా పనికే వంక పెడ్తున్నవా?”

“నేనేం పెట్టలే అన్నా. అమ్మకు తల నొస్తున్నదంట.”

“ఇన్నేండ్లు నా చెవులతోనే సెట్ చేసిన. మీటర్లు, మిషన్లు నాకు పనికిరావు. నా చెవే నాకు మీటర్!”

“సరే అన్నా. చెవులతోనే చూద్దాం.”

శబ్దం అంతకంతకూ కీచుగా సన్నబడుతూ పోయే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉంది. దాన్ని యాంప్‌కు కలిపాను. కళ్లు మూసుకుని కూర్చోవాలి, వినిపిస్తున్నంతసేపు చెయ్యి ఎత్తి ఉంచాలి, ఆగగానే దించాలి. ముందు చెవిటోడే కూర్చోవాలన్నాడు సంజీవన్న. కూర్చున్నాను. ఫోన్ రత్నమాలగారి చేతికిచ్చాను. ఆవిడ చెప్పకుండా మధ్యలో ఎక్కడో ఆపేశారు. ఆపినచోటే నా చెయ్యి దిగింది.

“లాటరీ తగిలింది,” అని నవ్వాడు సంజీవన్న. సోఫా మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చెరో పక్క భార్యాభర్తలు. ముగ్గురూ కళ్లు మూసుకున్నారు.

ఫోన్ మళ్లీ నేను తీసుకుని శబ్దం వదిలాను. మూడు చేతులూ లేచాయి. శబ్దం సన్నబడుతూ పోయింది. ఫోన్‌లో అంకె నాలుగు వేల హెర్ట్జ్ దాటేసరికి సంజీవన్న నుదురు ముడిపడింది. చెయ్యి కొద్దిగా కిందికి జారింది. అంతలోనే ఏదో తోచినవాడిలా దాన్ని ఇంతకుముందు కంటే పైకి ఎత్తాడు. ఈ చెవిటోడి ముందు చెయ్యి దించడం ప్రాణం పోయినా అతనివల్ల కాదు. నేను దాని కోసమే కాచుకున్నాను.

శబ్దం ఆపేశాను. యాంప్ కూడా కట్టేశాను.

వీర్రాజుగారు, రత్నమాలగారు ఒకేసారి చేతులు దించి కళ్లు తెరిచారు. మధ్యలో సంజీవన్న చెయ్యి అలాగే ఉంది. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. వీర్రాజుగారు నోరు తెరవబోతే పెదవుల మీద వేలు పెట్టి ఆపాను. ఆ చేతిని తనివితీరా చూశాను. నన్ను కొట్టింది ఆ చెయ్యే. నేను శంఖం కూడా ఊదలేదు, ఉత్తినే నిలబడి ఉన్నాను. ఏడేళ్లలో అంత సుఖంగా నేనెప్పుడూ లేను.

“ఇంకొస్తున్నది... సన్నగ వస్తున్నది... మంచిగ వినపడ్తున్నది,” అన్నాడు సంజీవన్న, కళ్లు మూసుకునే.

“ఏం వస్తందండీ?” అన్నారు రత్నమాలగారు. “అది ఆగిపోయి నిమిషమైంది.”

అతను కళ్లు తెరిచాడు. ఆవిడను చూశాడు, ఆయన్ను చూశాడు, చివరికి పైనున్న తన చేతిని చూశాడు. దాన్ని దించడానికి చాలాసేపు పట్టింది. నా చెవి మీదికి వచ్చినప్పుడు అంత ఆలస్యం చెయ్యలేదు.

తర్వాత అతను చూస్తుండగానే పని మొదలుపెట్టాను. మా నాయన వల దారం ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. రత్నమాలగారిని మధ్యలో కూర్చోబెట్టి, ఆవిడ తల దగ్గర సోఫాకు దారం కట్టి, రెండు గోడలకూ ఒకే పొడవు లాగాను. స్పీకర్లను ఆవిడ భుజాల కంటే కొంచెం వెనక్కి, చెవుల కంటే రెండడుగులు పైకి జరిపాను. శబ్దం తల మీదుగా దాటి అవతలి వైపుకు పోయేలా తిప్పాను. ఈల వేసే వైరు మార్చాను. ట్రెబుల్ సగానికి తగ్గించాను. సినిమాలో వాన సీను పెడితే రత్నమాలగారు ఒకసారి పైకప్పు వైపు చూసి, తలకున్న గుడ్డ విప్పేశారు. వీర్రాజుగారు అప్పటికే పక్కింటాయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెబుతున్నారు. సాయంత్రానికి అది ఇబ్రహీంపట్నం దాకా పోతుందని నాకు తెలుసు.

నిచ్చెన ఆటో మీద కడుతుంటే గేటు దగ్గర సంజీవన్న ఉన్నాడు. బండెక్కలేదు. పక్క ప్లాటులో బోరు వేస్తున్నారు, ఆ మోతకు నేల అదురుతోంది. అతను దగ్గరికి వచ్చి నిలబడి ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనిపించింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిట్టాడో, తప్పయిందన్నాడో, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడో నాకు తెలీదు. అతను వచ్చి నిలబడింది నా ఎడమ పక్కన. నన్ను చెవిటోడని ఏడేళ్లు ఊరంతా చాటాడు కానీ, తను కొట్టింది ఏ చెవి మీదో అతనికి గుర్తు లేదు.

తల తిప్పితే వినిపించేది. నేను తిప్పలేదు.