నంబరుకు మిగిలిన గొంతు

చూపులేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆ స్టూడియోలో కంప్యూటర్ల బాగోగులు చూసేది పెద్దక్క. డైరెక్టరు కూడా ఆవిడ మాటకు ఎదురు చెప్పడు. అక్కడ చాలా ఏళ్లుగా పుస్తకాలు చదివిన గొంతు, అందరూ మావయ్య అని పిలిచే పెద్దాయనది. ఆయన ఒక నవల ఆఖరి అధ్యాయం మిగిలి ఉండగానే గుండెపోటుతో పోయాడు. పనిలో మహా మొండి. సగం చదివింది ఎవరి చెవినా పడకూడదని తన ఫైళ్లన్నిటికీ కట్టుదిట్టం చేసుకునేవాడు: ఫైలు యజమాని, అంటే తను తప్ప ఇంకెవరూ వాటిని తెరవడానికి వీల్లేదు, మార్చడానికీ వీల్లేదు.

పెద్దక్క దుఃఖం దిగమింగుకుని కంప్యూటర్లో ఆయన ఖాతా తీసేసింది. ఫైళ్లు చెరపడానికి మాత్రం చేతులు రాలేదు. యజమాని పేరుండే చోట ఇప్పుడు ఒట్టి ఖాతా నంబరు మిగిలింది.

ఆయన స్థానంలో ఒకమ్మాయి చేరింది. చలాకీ పిల్ల, వచ్చిన రోజే అందరూ పిచ్చుక అనేశారు. మర్నాడు పొద్దున్నే పెద్దక్క బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేనింకా నోరే విప్పలేదు. నా పేరు మీద ఇన్ని రికార్డింగులేంటి?"

పెద్దక్క తెర చూసి నవ్వేసింది. "అవి మావయ్యవే. మన పేర్లతో మిషన్‌కి పనిలేదమ్మా, దానికి నంబర్లే తెలుసు. ఆయన నంబరు ఖాళీ అయింది, నీకు తగిలించింది. అద్దె ఇంట్లో దిగితే పాతవాళ్లు వదిలేసిన సామాను మన నెత్తిన పడ్డట్టు."

"మరి ఈ ఫైలు నిన్న సాయంత్రం తయారైంది కదా? నిన్న నేను రికార్డింగ్ బూత్‌లో అడుగే పెట్టలేదు."

పెద్దక్క నవ్వు ఆగిపోయింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కుర్చీ కిర్రుమంది. పేజీ తిప్పిన చప్పుడు. ఆపైన ఆఖరి అధ్యాయం మొదటి వాక్యం, మావయ్య గొంతులోనే. ఒక మాట దగ్గర తడబడి, "ఊఁహూఁ, మళ్లీ" అని తనను తానే దిద్దుకున్నాడు.

పక్కనే చెవి ఆనించి విన్న పిచ్చుక గబుక్కున వెనక్కి జరిగింది.

"నాకా నంబరొద్దక్కా."

పెద్దక్క అప్పటికప్పుడు వేరే నంబరు ఇచ్చింది. పాత నంబరుతో కంప్యూటర్లోకి రాగల మనిషంటూ ఇక లేడు. అయినా బూత్ మూసి ఉన్న వేళల్లో ఆ నంబరు మీద కొత్త ఫైళ్లు పుడుతూనే ఉన్నాయి. కంప్యూటర్లు చూసే మనిషిగా, ఎవరు కట్టుదిట్టం చేసినా ఏ ఫైలునైనా తెరిచే అధికారం పెద్దక్కకుంది. కానీ తెరవలేదు.

"పూర్తికానిదే ఎవర్నీ విననివ్వడు. బతికున్నప్పుడూ అంతేగా!" అంది. నవల ఏమైందని డైరెక్టరు తొందరపెడితే, "కాస్త ఆగండి" అని ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం పిచ్చుక పరుగున వచ్చింది. "అక్కా, మావయ్య ఫైళ్లు నా దగ్గర కూడా తెరుచుకుంటున్నాయి!"

నిజమే. ఎవరైనా వినవచ్చని అనుమతి మారి ఉంది. మార్చే హక్కు మాత్రం యజమానికి కూడా లేదు, ఇక దిద్దేదేమీ లేదన్నట్టు.

ఇద్దరూ కూర్చుని చివరిదాకా విన్నారు. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆఖరి మాట తర్వాత ఆయన లేచిన అలికిడి, తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించాయి. మూసుకున్న చప్పుడు రాలేదు. పిచ్చుక పెద్దక్క చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగింది. అప్పటిదాకా మూసి ఉన్న బూత్ తలుపు బార్లా తీసి ఉంది.

"ఇదంతా ఆయనెప్పుడు చదివాడు?" అన్నాడు డైరెక్టరు నవల విన్నాక.

"తీరిక చిక్కినప్పుడు" అని పెద్దక్క బూత్ తుడవడానికి వెళ్లింది.